గురక ఆగిన ఇల్లు

ముఖాల విషయంలో నాకు కొంచెం పొగరు. ఇరవై ఏళ్ళుగా శంషాబాద్‌లో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. మా ఇంటి ముందుగదే పార్లర్. ఎయిర్‌పోర్ట్ కౌంటర్లలో పనిచేసే అమ్మాయిలు షిఫ్టుకు ముందు వచ్చి నా కుర్చీలో కూర్చుంటారు. ముఖం మీద చేయి వేస్తే చాలు, ఆ పిల్ల రాత్రి నిద్రపోయిందో లేదో, పొద్దున ఏమన్నా తిన్నదో లేదో, ఇంట్లో ఎవరితోనైనా మాట పట్టింపు అయిందో చెప్పేస్తాను. సగం ఊహే అనుకోండి. కానీ చాలాసార్లు నిజమయ్యేది, దాంతో నా పొగరు ఇంకొంత పెరిగేది. అలాంటి నేను, రోజూ పొద్దున నా చేతులతో తుడిచే ఒక ముఖంలో ఏముందో ఏడాదిపాటు చూడలేదు. ఆ చూడకపోవడం వల్ల మా ముసలి కుక్క తన ఇల్లు పోగొట్టుకోబోయింది.

మాకు నాలుగు కుక్కలు. నాలుగూ పగ్‌లే. పొట్టి కాళ్ళు, చుట్టుకున్న తోక, నల్లటి చప్పిడి ముఖం. నాలుగు కుక్కలంటే ఏదో సరదాపడి కొనుక్కున్నామనుకుంటారు అందరూ. ఒక్కదాన్ని కూడా కొనలేదు. మొదటిదాన్ని కౌంటర్‌లో పనిచేసే ఒక అమ్మాయి తెచ్చి వదిలింది. వేరే ఊరికి బదిలీ అయిందట. "అక్కా, రెండు నెలలు పెట్టుకో. అక్కడ ఇల్లు దొరకంగనే తీస్కపోత" అంది. ఆ రెండు నెలలు కాస్తా తొమ్మిదేళ్ళయ్యాయి. మొదట్లో ఫోన్ చేసి ఫోటో పంపమనేది. తర్వాత ఆమెకు పెళ్ళయింది, ఆ ఇంట్లో కుక్కలంటే పడదట. ఆమె మీద నాకేం కోపం లేదు. అప్పటికి ఆమె వచ్చి అడిగినా నేను ఇచ్చేదాన్ని కాదు.

వచ్చిన మూడు వారాలకు దాని పొట్ట గుండ్రంగా కనబడటం మొదలైంది. మంచి తిండి పడి లావెక్కిందన్నాడు మా ఆయన. మా అత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఒక్క చూపు చూసి తేల్చేసింది.

"లావు గాదు. సూడిది."

ఇంకో నెలకు పార్లర్‌లో టవళ్ళ మీద మూడు పిల్లల్ని పెట్టింది. ఆ రోజు ఫేషియల్‌కు వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ముఖానికి పూత ఉండగానే నేల మీద కూర్చొని దాని తల నిమిరారు. మూడింటినీ ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకరికి బాల్కనీ లేదు, ఒకరికి ఓపిక లేదు, ఒకరి నవ్వే నాకు నచ్చలేదు. మా ఆయన కార్గోలో షిఫ్టు చేసి ఇంటికి వచ్చిన ప్రతిసారీ "ఇయ్యాల ఏం వంక పెట్టినవ్?" అని అడిగేవాడు. చివరికి ఆయన కూడా అడగడం మానేశాడు.

మా అత్తమ్మది వ్యవసాయం చేసుకున్న కుటుంబం. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ముప్పై ఏళ్ళు మేకలు కాసింది. ఆమె లెక్కలో కుక్క అంటే వాకిట్లో ఉండాలి, మిగిలిన అన్నం తినాలి, కొత్తవాళ్ళు వస్తే మొరగాలి. ఇవి సోఫా మీద ఉంటాయి, ఉడకబెట్టిన కోడి తింటాయి, కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ చెప్పుల మీద పడుకుంటాయి. "ఇవేం కుక్కలే, గోడకు గుద్దుకున్న మొఖాలు" అనేది. వంటింటి గడప దాటనిచ్చేది కాదు. ముట్టుకునేది కాదు. కానీ వాటికి కాగితాల మీద రాయించిన పేర్లన్నీ పోయి ఆమె పిలిచినవే నిలిచిపోయాయి. తల్లి పెద్దది. దాని కొడుకు గురకోడు. ఇద్దరు కూతుళ్ళలో ఒకటి నల్లది, రెండోది తిండిపోతు.

పగ్‌ను పెంచడమంటే సగం పని దాని ముఖంతోనే. ముక్కు మీద, కళ్ళ కింద మడతలుంటాయి. ఆ మడతల్లోకి కన్నీరు దిగుతుంది, తిన్న అన్నం చేరుతుంది, దుమ్ము పడుతుంది. రెండు రోజులు వదిలేస్తే ఎర్రబడి వాసన వస్తుంది. అందుకే పొద్దున పార్లర్‌లో పని మొదలుపెట్టకముందే నలుగురినీ వరసగా కూర్చోబెడతాను. కాటేదాన్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి పార్లర్ కోసం తెచ్చుకునే దూది ఉంటుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, వేలికి చుట్టుకొని మడత విప్పి తుడుస్తాను. తర్వాత పొడి దూదితో తడి లేకుండా అద్దుతాను. తుడవడం అందరికీ వస్తుంది. ఆరబెట్టడంలోనే ఉంది పనితనం. ఆ తర్వాత కంటి మూలల్లో పుసి, ఆ తర్వాత చెవులు. ఆదివారం స్నానం, గోళ్ళు.

ఒక్కొక్కదానిది ఒక్కో వేషం. నల్లది నీళ్ళ చప్పుడు వినగానే మంచం కిందికి దూరి తోక ఒక్కటే బయట పెట్టుకొని దాక్కున్నాననుకుంటుంది. తిండిపోతు దూదిని తినబోతుంది. గురకోడు గోళ్ళ కత్తెర కనబడితే చాలు, ఇంకా ముట్టుకోకముందే పీక పిసుకుతున్నట్టు అరుస్తాడు. ఒకసారి ఆ అరుపుకు పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగిచూసి ఏమైందని అడిగింది. పెద్దది మాత్రం బుద్ధిమంతురాలు. తన వంతు వచ్చేదాకా కూర్చుంటుంది, మడత ఎంత లాగినా కుయ్యిమనదు. కుర్చీలో ఉన్న అమ్మాయిలు చూసి "అక్కా, మాకు గూడ గింత ప్రేమగ చెయ్యరాదు" అనేవాళ్ళు. "మీరు గూడ గంత నిమ్మళంగ కూసుంటే చేస్త" అనేదాన్ని.

ఇక ఊడే వెంట్రుకల గురించి చెప్పకపోవడమే మంచిది. ఎంత దువ్వినా ఇల్లంతా అవే. మా ఆయన యూనిఫాం మీద, దేవుడి పటం వెనక, చారులో. చారులో వెంట్రుక కనబడిన రోజు మా అత్తమ్మ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, ఎవరిదో గుర్తుపడుతున్నట్టు వెలుతురులో చూసి, "ఇది తిండిపోతుది. నా కంటె ముందు గిన్నెల మూతి పెట్టింది" అనేది.

గురకోడికి ఆ పేరు ఊరికే రాలేదు. పగ్‌లన్నీ గురక పెడతాయి. వీడు మెలకువలో కూడా పెడతాడు. నడుస్తుంటే ఒక రకం, కూర్చుంటే ఒక రకం, నీళ్ళు తాగాక ఇంకో రకం. మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే మాట ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టడం మాకు అలవాటు. గురకోడి విషయంలో అలా ఆపితే మాట ఎప్పటికీ పూర్తికాదు. అందుకని ఆ గురకను ఫ్యాన్ చప్పుడులాగా మర్చిపోయాం. వాడు ఏ గదిలో ఉంటే పెద్దది ఆ గదిలో ఉండేది. వాడు పెరట్లోకి వెళ్తే వెనకే వెళ్ళేది, వాడు గిన్నె దగ్గరికి పోతే పక్కనే వచ్చి నిలబడేది. ఇంత వయసొచ్చినా కొడుకును వదలదని ముచ్చటపడేవాళ్ళం. ఫోటోలు తీసి పార్లర్ అద్దం పక్కన అంటించాను కూడా.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున గురకోడు వీధి చివరిదాకా నడిచి కూలబడ్డాడు. నాలుక నీలిరంగులోకి తిరిగింది. వాణ్ణి ఎత్తుకొని, తడి టవల్ చుట్టి, అత్తాపూర్ దగ్గరున్న పశువుల దవాఖానకు పరుగెత్తాం. అక్కడి డాక్టరు గోదావరి వైపు మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు.

"చూడండమ్మా, వీడికి ముక్కు రంధ్రాలు బాగా సన్నంగా ఉన్నాయి. లోపల అంగిలి వెనక భాగం సాగిపోయి గాలికి అడ్డం పడుతోంది. ఈ గురక మీకు ముద్దుగా ఉందేమో గానీ, వాడు ప్రతి ఊపిరికీ కష్టపడుతున్నాడండి. ఆపరేషన్ చేయించేస్తే మంచిది."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. వాడి గురకను ఫోన్‌లో రికార్డు చేసి చుట్టాలకు పంపి నవ్వుకున్నదాన్ని నేను. మా ఆయన సెలవు పెట్టాడు, ఆపరేషన్ అయింది. రెండో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. పదిహేను రోజులు వాణ్ణి పరుగెత్తనివ్వకూడదు, మెత్తటి తిండే పెట్టాలి, మిగతా కుక్కలు మీద పడకుండా చూసుకోవాలి, లోపలి కుట్లు తెగితే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

వాడు ఇంట్లో అడుగుపెట్టాక మాకు వింతగా అనిపించింది. చప్పుడు లేదు. పడుకున్నాడు, పొట్ట మెల్లగా లేస్తోంది, దిగుతోంది, అంతే. ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు ఐబ్రోస్ సగంలో ఆపి వెళ్ళి వాడి పొట్ట మీద చేయి పెట్టి చూసొచ్చాను. నోరు మూసుకొని ముక్కుతో గాలి పీల్చుకోవడం వాడికి బతుకులో అదే మొదటిసారి. ఇంటిల్లిపాదికీ సంతోషమే. మా అత్తమ్మ కూడా "పానం నిమ్మళమైంది పాపం" అంది.

ఆ మరుసటి రోజు నుంచి పెద్దది మారిపోయింది.

ముందు గిన్నె దగ్గరికి రావడం మానేసింది. గిన్నె తీసుకెళ్ళి ముక్కు ముందు పెడితే రెండు మెతుకులు తినేది. తర్వాత హాల్లో సోఫా పక్కన ఉచ్చ పోయడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేదు. కూర్చున్న చోటు నుంచి కదిలేది కాదు. అన్నిటికన్నా ఘోరం, గురకోడు దగ్గరికి వస్తే ఉలిక్కిపడి మీదికి దూకేది. ఒకసారి వాడి చెంప మీద పన్ను దిగింది. నేను ముఖాలు చదివేదాన్ని గదా, వెంటనే చదివేశాను. అసూయ. ఇంట్లో అందరూ ఆపరేషన్ అయినవాడి చుట్టూ తిరుగుతున్నారు, వాడికి చికెన్ సూపు తాగిస్తున్నారు, తనను పట్టించుకోవడం లేదని అలిగింది. కొత్త కోడలు వచ్చిన ఇంట్లో ఆడబిడ్డ అలిగినట్టు అలిగిందని పార్లర్‌కు వచ్చినవాళ్ళకు నవ్వుతూ చెప్పాను కూడా. మొదట్లో బుజ్జగించాను. రెండు రోజులకు విసుగొచ్చింది.

ఆరో రోజు గురకోడు వచ్చి దాని పక్కన పడుకోబోయాడు. అది ఒక్కసారిగా లేచి వాడి మెడ మీద పడింది. వాడు దగ్గాడు. నేల మీద ఎర్రగా చుక్క పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న తడి టవల్‌తో పెద్దదాన్ని కొట్టాను. గట్టిగానే కొట్టాను. అది పారిపోలేదు. టవల్ ఎటు నుంచి వస్తోందో తెలియనట్టు తల అటూ ఇటూ తిప్పింది. అది కూడా పొగరే అనుకున్నాను.

డాక్టరుకు ఫోన్ చేస్తే, ఒక చుక్కే అయితే భయం లేదు, కానీ ఇంకోసారి అలా జరగకూడదన్నాడు. అప్పుడే మా చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్ళది బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీ, మూడో అంతస్తు.

"పదిహేను దినాలు పెద్దదాన్ని పెట్టుకో. ఈడ వాణ్ణి బతకనిస్తలేదు."

"తోలియ్యి అక్కా. పదిహేను దినాలేంది, ఉంచుకుంట గూడ. పిల్లలు ఎప్పటిసంది అడుగుతున్నరు" అంది చెల్లెలు.

ఉంచుకుంటానన్న ఆ మాటకు నేను వద్దనలేదు. నోటితో పదిహేను రోజులన్నాను గానీ, మనసులో మాత్రం అక్కడే ఉంటే ఉండనీ అనే ఉంది. ముగ్గురితో ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, వయసు మీద పడి దానికి బుద్ధి చెడింది అనుకున్నాను. రాయడానికి బాగాలేదు, కానీ అనుకున్నాను.

ఆదివారం పదకొండు గంటలకు చెల్లెలు కారు తీసుకొని వస్తానంది. ఇంకొకరింటికి వెళ్తోంది కాబట్టి శుభ్రంగా ఉండాలని పొద్దున పెద్దదానికి తలారా స్నానం చేయించాను. గోళ్ళు తీశాను. వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి మడతలు తుడిచి, కళ్ళు తుడిచాను. దాని పరుపు, గిన్నె, దువ్వెన ఒక సంచిలో సర్దిపెట్టాను. మా అత్తమ్మ పక్కనే కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. సంచి వైపు చూసి అడిగింది.

"ఒక్కదాన్నే తోలుతున్నవా?"

"అవ్ అత్తమ్మా. వాని గొంతు మానేదాంక."

"గుడ్డిదాన్ని తెలువని ఇంటికి తోలితే ఎట్ల బతుకుతదే?"

"గుడ్డిదేంది?"

నేను పరాచికం ఆడుతున్నాననుకుంది. చిక్కుడుకాయ చేతిలో పట్టుకొని నా ముఖంలోకి చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

"నీకు ఎరుక లేదా? పోయిన బోనాల ముందల్నుంచే దానికి కండ్లు కనవడ్తలేవు గద."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్పుడేంది బిడ్డా? పొద్దుగాల లేస్తే దాని కండ్లు తుడిచేది నువ్వు. నీకే ఎరుక ఉంటదనుకున్న."

ఆమె ఎత్తిపొడవలేదు. మామూలుగా అంది. నేను వాదించబోయాను. గుడ్డిదైతే ఏడాదిగా ఇల్లంతా ఎలా తిరిగింది, పెరట్లోకి ఎలా వెళ్ళింది, గిన్నె దగ్గరికి ఎలా వచ్చిందని అడిగాను. ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"వాని గురక పట్టుకొని నడిచింది. మేకల మందల గుడ్డిమేక ఉంటే ఏం చేస్తది? మెడల గంటున్న పోతు పక్కకే నడుస్తది. వాగు గట్టున గూడ కాలు జారది. గంట ఊడివోయిన్నాడు ఉన్నకాడనే నిలవడ్తది. మోత లేకపోతే మంద ఎటు పోయిందో దానికేం ఎరుక? నువ్వు వాని గురక తీసేపిచ్చినవ్. మంచిగనే అయింది వానికి. దీనికి తొవ్వ పోయింది."

అంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. గిన్నె దగ్గరికి రాకపోవడం అలక కాదు, గిన్నె ఎక్కడుందో తెలియకపోవడం. పెరట్లోకి తీసుకెళ్ళే చప్పుడు లేదు, అందుకే సోఫా పక్కన పోసింది. చప్పుడు లేని ఒక శరీరం హఠాత్తుగా వచ్చి తగిలితే అది తన కొడుకని దానికి ఎలా తెలుస్తుంది? భయపడి కరిచింది. ఆ భయపడ్డదాన్ని పట్టుకొని నేను కొట్టాను.

పెద్దదాన్ని ఎత్తుకొని పార్లర్‌లోకి వెళ్ళి, ఐబ్రోస్ కోసం వాడే భూతద్దం లైటు వేసి దాని ముఖాన్ని ఆ వెలుతురులో పట్టాను. కంటి నలుపు మధ్య ఉండాల్సిన మెరుపు లేదు. ముక్కు వైపు నుంచి ముదురు గోధుమరంగు పొర కనుగుడ్డు మీదికి పాకి ఉంది. ఒక కంట్లో పూర్తిగా, రెండో కంట్లో సన్నటి సందు వదిలి. నల్లటి ముఖంలో నల్లటి కన్ను, ఇంకొంత నల్లబడితే నాకు తేడా తెలియలేదు. రోజూ కంటి చుట్టూ తుడిచాను, కంట్లోకి చూడలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మా చెల్లెలు వచ్చేసరికి నేను ఆ కుర్చీలోనే పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వాళ్ళ బాల్కనీలో దీనికోసం పాత దుప్పటి పరిచి వచ్చిందట.

"తోలుతలేను" అన్నాను.

"మరి గింత దూరం నన్ను ఎందుకు పిలిచినవ్ అక్కా?"

"కారుంది గద. దవాఖాన ఒంటిగంట దాంక ఉంటది. నడువు."

ఆమె నా ముఖం చూసి కారు తాళాలు తీసింది. దారిలో చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి చెయ్యి చాపి పెద్దదాని వీపు నిమిరింది.

డాక్టరు రెండు కళ్ళలోకి లైటు వేసి చూశాడు. పొట్టి ముక్కు కుక్కల్లో ఇది తరచూ వస్తుందట. కన్నీరు తక్కువై, రెప్పలు సరిగా మూతపడక, రాపిడికి ఆ పొర పెరుగుతుందట. నేను అడగాల్సింది అడిగాను.

"ముందే తెస్తే బాగయ్యేదా సార్?"

ఆయన లైటు ఆపాడు. "మొదట్లో తీసుకొస్తే చుక్కలతో చాలావరకు ఆపగలిగేవాళ్ళమండి. ఇది నెమ్మదిగా వస్తుంది కదా, ఇంట్లోవాళ్ళు సాధారణంగా గమనించరు. మొదట్లో దూరంగా ఉన్నవి కనబడవు. బాగా దగ్గరగా ఉన్నవి కొన్నాళ్ళు మసక మసగ్గా కనబడి ఉంటాయి. తర్వాత అవీ పోతాయి."

ఇంట్లోవాళ్ళు గమనించరన్న ఓదార్పు నాకు ఎక్కలేదు. నేను మామూలు ఇంటిమనిషిని కాదు. మిగిలిన ఆ సన్నటి సందు మూసుకుపోకుండా జీవితాంతం వేయాల్సిన చుక్కలు రాసిచ్చాడు. పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్తమ్మ సంచి విప్పి పరుపు దాని చోట వేసేసింది. గురకోడి మెడకు గంట కట్టాలని ఆమె అనలేదు, నేనూ అనలేదు, ఇద్దరికీ అదే తోచింది. పెంపుడు కుక్కల సామాన్లమ్మే షాపు నుంచి నేనొక చిన్న గంట తెచ్చాను. ఆమె ఊపి చూసి "దోమ అరిసినట్టుంది" అని పక్కన పడేసింది. మరునాడు తనే అంగడికి పోయి, నాలుగైదు ఊపి చూసి, ఒక ఇత్తడి మువ్వ తెచ్చింది. మరీ మోత ఎక్కువైతే వాడికి తలనొప్పి, తక్కువైతే దీనికి వినబడదు, గిదైతే సరిపోతదంది. గొంతుకు బరువు కాకుండా ఛాతీకి వేసే బెల్టుకు నల్లదారంతో తనే కట్టింది. తొమ్మిదేళ్ళలో ఆమె ఒక కుక్కను ముట్టుకోవడం నేను చూసింది అప్పుడే.

గురకోడికి అది ససేమిరా నచ్చలేదు. ఒక అడుగు వేశాడు, మువ్వ మోగింది, ఆగిపోయాడు. అన్యాయం జరిగిపోయినట్టు మా వైపు చూశాడు. గంటసేపు విగ్రహంలా నిలబడ్డాడు. నల్లదీ తిండిపోతూ చుట్టూ తిరిగి వాసన చూశాయి. చివరికి నేను వంటింటి గడప బయట సూపు గిన్నె కదిపాను. తిండి ముందు వాడి పట్టుదల ఎంతసేపు? మోగుకుంటూ వచ్చాడు.

సోఫా పక్కన పడుకున్న పెద్దది తల ఎత్తింది. ఆ చప్పుడు దానికి తెలియదు. కానీ ఒక అడుగు చప్పుడు ఇంట్లో మళ్ళీ నడుస్తోంది, దాని వెనక నుంచి తనకు తెలిసిన వాసన వస్తోంది. లేచింది. స్టూలు కాలికి గుద్దుకుంది, పక్కకు తిరిగింది, ఆగి విన్నది. వాడు గిన్నెలో మూతి పెట్టి నాకుతుంటే మువ్వ ఆగకుండా మోగుతోంది. అది నడిచివచ్చి వాడి చెవి వాసన చూసి, వాడి వీపు మీద గడ్డం ఆనించింది. వాడు తినడం ఆపలేదు. నేను దాని గిన్నె పక్కన పెట్టాను. ఏడు రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. నేను గోడకు ఆనుకొని ఏడ్చాను. మా అత్తమ్మ ఏడవలేదు. "ఇగ లే. ముందట గిరాకి కూసున్నది" అంది.

ఇప్పుడు మా ఇంట్లో గురక లేదు, మువ్వ ఉంది. పెద్దది మళ్ళీ పెరట్లోకి వెళ్తోంది, గిన్నె దగ్గరికి వస్తోంది, వాడి పక్కన పడుకుంటోంది. చూడ్డానికి అంతా సర్దుకుంది. నాకే ఒకటి సర్దుకోలేదు. దగ్గరగా ఉన్నవి కొన్నాళ్ళు మసగ్గా కనబడి ఉంటాయని డాక్టరు అన్నాడు కదా. నిరుడు వానాకాలంలో పెద్దది ఒక కొత్త అలవాటు చేసుకుంది. కళ్ళు తుడుస్తుంటే ముందుకు వంగి, తన చప్పిడి ముక్కు తెచ్చి నా ముక్కుకు ఆనించి, అలాగే ఉండిపోయేది. నాకేమో పని తొందర, ముందుగదిలో అమ్మాయిలకు షిఫ్టు తొందర. "జరుగవే" అని గడ్డం పట్టి వెనక్కి నెట్టేదాన్ని. మళ్ళీ వచ్చేది, మళ్ళీ నెట్టేదాన్ని. కొన్ని వారాలకు రావడం మానేసింది, బుద్ధొచ్చిందిలే అనుకున్నాను. అది నా ముఖం చూడ్డానికి వచ్చేదని ఇప్పుడు తెలిసింది.

రోజూ పొద్దున చుక్కలు వేశాక నేనే వంగి నా ముక్కు దాని ముక్కుకు ఆనిస్తున్నాను. దానికి కనబడదు. నా ఊపిరి తగిలితే తోక కొంచెం ఊపుతుంది, అంతే. ముందుగది నుంచి ఎవరెంత పిలిచినా, అది తన ముఖం తీసేదాకా నేను నాది తీయను.